పని వెంట వచ్చే రోగం

తెలంగాణలోని పెగడపల్లి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో షుగరు, బీపీ, గుండెపోటు, పక్షవాతం, మూత్రపిండాల వైఫల్యం, విడవని దమ్ము వంటి దీర్ఘవ్యాధులు ఎందుకు వస్తున్నాయో తెలుసుకోదలచినవారు ముందుగా ఇక్కడి ఇళ్లలో ఏ పని నడుస్తున్నదో చూడవలసి ఉంటుంది. బీడీ, మరమగ్గం, కాలువ కింది వరి, గల్ఫ్ వలస అనే నాలుగు జీవనాధారాలే ఈ ప్రాంతపు మనిషి ఏం తినాలో, ఎంతసేపు కదలకుండా కూర్చోవాలో, ఏ గాలి పీల్చాలో, ఏ వేళకు నిద్రపోవాలో చాలావరకు నిర్ణయిస్తున్నాయి. వైద్యశాస్త్రం ‘ముప్పు కారకం’ అన్నప్పుడు దాని ఉద్దేశం రోగాన్ని నేరుగా పుట్టించేదని కాదు, రోగం వచ్చే అవకాశాన్ని పెంచేదని. పొగ తాగే ప్రతి ఒక్కరికీ గుండెపోటు రాదు గాని, తాగే వెయ్యిమందినీ తాగని వెయ్యిమందినీ ఏళ్ల తరబడి గమనిస్తే ఎటువైపు ఎక్కువమంది పడిపోతున్నారో తెలుస్తుంది. ఈ లెక్కల పద్ధతికి ఒక బలహీనత ఉంది. సులువుగా అడగగలిగినవీ, టేపుతో కొలవగలిగినవీ పట్టికలో ముందు చోటు సంపాదిస్తాయి. అడగడానికి కాస్త శ్రమ అవసరమైనవి చివరి పేజీకి జారిపోతాయి.

దీర్ఘవ్యాధులు పట్నంవారివనీ, కలిగినవారివనీ ఉన్న నమ్మకం తప్పని తెలుగు నేల మీదనే రెండు దశాబ్దాల కిందట తేలింది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమంలో భాగంగా, ఏడాది కాలంలో సంభవించిన 1,354 మరణాలను పరిశోధకులు పరిశీలించారు. చనిపోయినవారి ఇంటివారిని చివరి రోజుల లక్షణాలు అడిగి, వాటినిబట్టి మరణకారణాన్ని వైద్యులు నిర్ధారించే పద్ధతిని వారు అనుసరించారు. అందులో 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే జరిగినట్టు తేలగా, అంటురోగాల వాటా అందులో సగానికి కూడా చేరలేదు. ఆ తర్వాత దేశమంతటా జరిగిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం భారతదేశంలో షుగరు ఉన్నవారు 10.1 కోట్లమంది, షుగరు అంచున ఉన్నవారు 13.6 కోట్లమంది. ఈ రెండో అంకె మొదటిదానికన్నా ఎక్కువ ఆందోళన కలిగించాలి, ఎందుకంటే వారిలో చాలామందికి తాము ఆ అంచున ఉన్న సంగతి తెలియదు.

ఆశ చేతిలోని ఫారం

ముప్పును ఊరి స్థాయిలో కొలిచే పని ఆశ కార్యకర్తది. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి ఇంటికీ వెళ్లి ఆమె నింపే ఫారాన్ని ఆరోగ్యశాఖలో పొడి అక్షరాలతో ‘సీబ్యాక్’ అంటారు. అందులోని మొదటి భాగంలో ఆరు ప్రశ్నలకు మార్కులు ఉంటాయి. వయసు 30 నుంచి 39 మధ్య ఉంటే 1, 40ల్లో ఉంటే 2, 50ల్లో ఉంటే 3, ఆపైన 4. పొగాకు రోజూ వాడితే 2, రోజూ మద్యం తాగితే 1. నడుము చుట్టుకొలత ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే 1, మరో పది సెంటీమీటర్లు పెరిగితే 2. వారానికి 150 నిమిషాల శారీరక శ్రమ లేకపోతే 1, తల్లిదండ్రులకో తోబుట్టువులకో బీపీ, షుగరు, గుండెజబ్బు ఉంటే 2. మొత్తం 4 దాటినవారిని పరీక్షలకు ముందుగా పంపాలి. వంట దేనితో చేస్తారు, పంట వ్యర్థాలు తగలబెట్టేచోట ఉంటారా, ఇటుక బట్టీలవంటి పొగ, దుమ్ము ఉండే పరిశ్రమల్లో పనిచేస్తారా అన్న ప్రశ్నలు కూడా ఫారంలో ఉన్నాయి గాని, వాటికి మార్కులు లేవు. గడిలో టిక్కు పెట్టి వదిలేయడమే.

ఈ ఫారాన్ని కోరుట్ల పరిసరాల్లోని ఒక ఊహాత్మక బీడీ కార్మికురాలికి అన్వయించి చూస్తే దాని స్వభావం బయటపడుతుంది. ఆమెకు 45 ఏళ్లు: 2 మార్కులు. పొగాకు ఎన్నడూ నోట పెట్టలేదు: సున్నా. మద్యం లేదు: సున్నా. నడుము 84 సెంటీమీటర్లు: 1. రోజంతా కూర్చునే పని గనుక శ్రమ లేదు: 1. ఇంటిలో ఎవరికీ జబ్బు ఉన్నట్టు ఎవరూ పరీక్ష చేయించుకోలేదు గనుక కుటుంబ చరిత్ర సున్నా. మొత్తం 4. గీత దాటాలంటే మరొక్క మార్కు కావాలి. పదిహేనేళ్ల వయసు నుంచి ఆమె ఒడిలో ఉన్న తంబాకుకు ఆ మార్కు దక్కదు, ఎందుకంటే ఫారం అడిగింది తాగుతావా, నములుతావా అని మాత్రమే. నిబంధన ప్రకారం 30 దాటిన అందరికీ ఎప్పటికైనా పరీక్ష చేయవలసిందే గనుక ఆమెను పూర్తిగా వదిలేసినట్టు కాదు. వరుసలో వెనక్కి నెట్టినట్టు మాత్రం అవుతుంది.

చాట, తంబాకు, కూర్చున్న నడుము

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల మొదలుకొని నిజామాబాద్, కామారెడ్డి దాకా బీడీ ఆడవారి పని. ఒడిలో చాట పెట్టుకుని, తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచే ఈ పనికి కూలి రోజుకింతని కాక వెయ్యి బీడీలకింతని ఇస్తారు. ఆ ఒక్క ఏర్పాటులోనే ఆరోగ్యానికి సంబంధించిన సగం కథ ఇమిడి ఉంది. లేచి నడిచిన ప్రతి నిమిషం కూలిలో కోత గనుక, చేయి తిరిగినవారు సైతం మెడ వంచి, కాళ్లు ముడుచుకుని గంటల తరబడి కదలకుండా కూర్చుంటారు. నీళ్లు తాగితే లేవవలసి వస్తుందని దాహాన్ని ఓర్చుకునేవారూ ఉంటారు. కదలని కండరం రక్తంలోని చక్కెరను తక్కువగా వాడుకుంటుంది. భోజనం తర్వాత పెరిగిన చక్కెరను దించడానికి శరీరం మరింత ఇన్సులిన్ విడుదల చేయవలసి వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఇన్సులిన్ మాటను కణాలు లెక్కచేయని స్థితి ఏర్పడుతుంది. ఇన్సులిన్ నిరోధకత అని పిలిచే ఈ స్థితే షుగరుకు ముందు మెట్టు.

తంబాకు సంగతి వేరు. చుట్టేవారి శరీరంలోకి నికోటిన్ చర్మం ద్వారా, శ్వాస ద్వారా చేరుతుందని చెప్పడానికి ఆధారం కోటినైన్. నికోటిన్ శరీరంలో విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడి మూత్రంలో బయటపడే పదార్థమిది. బీడీ పరిశ్రమలో పనిచేసేవారి మూత్రంలో ఇది అధికంగా ఉంటుందని భారతీయ శాస్త్రవేత్తలు 1990ల తొలినాళ్లలోనే ప్రచురించారు. నికోటిన్ నాడి వేగాన్నీ, రక్తపోటునూ పెంచుతుంది. చాట ఉన్న గదిలోనే వంట, పిల్లల నిద్ర, రాత్రి భోజనం జరిగే ఇళ్లలో ఆ దుమ్ము పనిచేసే మనిషికి మాత్రమే పరిమితం కాదు. మరో వైపు నడుము, మెడ, మోకాళ్ల నొప్పులకు ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి గోలీలు దీర్ఘకాలం వాడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, రక్తపోటు పెరుగుతుంది. ఈ గోలీల గురించి సీబ్యాక్ ఫారంలో ప్రశ్నే లేదు.

చుట్టేవారి చేతుల మీదుగా వెళ్లిన బీడీ తాగేవారికి చేసే హాని గురించి ఒక అపోహ నేటికీ బలంగా ఉంది: సిగరెట్టుకన్నా చిన్నది, ఆకుది, కనుక మేలైనదని. నిజానికి బీడీలో తంబాకు తక్కువే అయినా, తునికాకు గాలిని సరిగా ఆడనివ్వదు గనుక ఆరిపోకుండా ఉండాలంటే మళ్లీమళ్లీ గట్టిగా పీల్చవలసి వస్తుంది. ఫలితంగా తారు, కార్బన్ మోనాక్సైడు సిగరెట్టుకు తీసిపోకుండా ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలోని వయోజనుల్లో 7.7 శాతం బీడీ తాగుతుండగా సిగరెట్టు తాగేవారు 4 శాతం. అయినా 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీపై పన్నును 28 శాతం నుంచి 18 శాతానికీ, తునికాకుపై 18 నుంచి 5 శాతానికీ తగ్గించాలని నిర్ణయించింది. కార్మికుల బతుకుతెరువు పేరు చెప్పి తీసుకున్న ఇటువంటి నిర్ణయాల్లో లాభం ఎంత చాట దాకా దిగుతుందన్నది అనుమానమే. బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1976 నాటిది. ఆ నిధికి ఆధారమైన ప్రత్యేక సెస్సు జీఎస్టీ రాకతో రద్దయింది, దాని దవాఖానలు ఇప్పుడు బడ్జెట్ కేటాయింపుల దయ మీద నడుస్తున్నాయి. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకిచ్చే నెలకు 2,016 రూపాయల పింఛను నిస్సందేహంగా ఆసరాయే గాని, 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఖాతా ఉన్నవారికే అన్న కటాఫ్ వల్ల ఒకే అరుగు మీద చుట్టే అత్తకు వచ్చి కోడలికి రానిదైంది.

సాంచెల చప్పుడు

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. ఒక షెడ్డులో పదుల సాంచెలు ఒకేసారి ఆడుతున్నప్పుడు మాటలు వినపడవు, పనివారు సైగలతో మాట్లాడుకుంటారు. ధ్వని తీవ్రతను డెసిబెల్లలో కొలుస్తారు. ఈ కొలమానంలో 3 డెసిబెల్లు పెరిగితే ధ్వనిశక్తి రెట్టింపవుతుంది. ఎనిమిది గంటల పనికి మన దేశంలో అనుమతించిన పరిమితి 90 డెసిబెల్లు కాగా, మరమగ్గాల షెడ్లు మామూలుగానే ఆ గీత దాటుతాయి. వినికిడి పోవడం అందరికీ తెలిసిన నష్టం. చప్పుడును మెదడు అపాయసూచనగా భావించి అడ్రినలిన్ వంటి హార్మోన్లను విడుదల చేయడం, ఆ స్థితి ఏళ్ల తరబడి కొనసాగితే రక్తపోటు స్థిరపడిపోవడం అంతగా తెలియని నష్టం. దీనికి రాత్రి షిఫ్టు తోడవుతుంది. చీకటి పడ్డాక శరీరం ఆహారాన్ని పగటివలె జీర్ణించుకోదు. రాత్రి పని చేసేవారిలో షుగరు, గుండెజబ్బుల ముప్పు అధికమని అనేక దేశాల పరిశోధనలు చెబుతున్నాయి, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే రాత్రి షిఫ్టును ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న వర్గంలో చేర్చింది. నిద్ర ఆపుకోవడానికి నమిలే గుట్కా వ్యక్తిగత దురలవాటుగా ఫారంలో నమోదవుతుంది; తాగే చక్కెర చాయ్‌కు అందులో చోటే లేదు. అవి ఏ గంటకు మొదలవుతాయో గమనిస్తే షిఫ్టు వేళలతో సరిపోతాయి.

సిరిసిల్ల నేతన్నల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపిన రోజుల తర్వాత, 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు కొంత ఊపిరి పోశాయి. ఆర్డరు ఉన్న నెలల్లో నిద్ర లేదు, లేని నెలల్లో నిద్ర పట్టదు. మానసిక ఒత్తిడిని కొలిచే యంత్రం లేదు గనుక దానికి మార్కు వేయడం కష్టమే.

గట్క పోయి సన్నబియ్యం వచ్చె

1963లో పోచంపాడు దగ్గర పునాది పడిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నీళ్లు కాకతీయ కాలువ వెంట జగిత్యాల ప్రాంతానికి చేరేదాకా ఇక్కడి కంచంలో జొన్న గట్క, మక్క గట్క, తైదల అంబలి, సల్ల ప్రధానం. అన్నం పండుగకో చుట్టాలకో. కాలువ వచ్చాక వరి వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక కూలివారి ఇంట సైతం మూడు పూటలా అన్నమైంది. జగిత్యాల పక్కనున్న పొలాస పరిశోధనా స్థానం నుంచి వచ్చిన జగిత్యాల సన్నాలు వంటి రకాలు రైతుకు పేరు తెచ్చాయి. 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణాల్లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఆకలి తీరడం సామాన్యమైన విజయం కాదు, దాన్ని చులకన చేసే హక్కు కడుపు నిండినవారికి లేదు. చిరుధాన్యాల గతాన్ని నేడు పొగిడే పుస్తకాలు, వీడియోలు దాచిపెట్టే విషయం కూడా ఒకటి ఉంది. జొన్న తప్ప మరేమీ దొరకని దక్కను పేదల్లో చర్మం పగిలి నల్లబడే, విరేచనాలతో, మతిభ్రమణతో ముగిసే పెలాగ్రా అనే జబ్బు ఉండేది. జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికీ, నియాసిన్ అనే బి-విటమిన్ లోపం వల్ల వచ్చే ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. గోపాలన్ నడిపిన సంస్థే నేటి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ.

కాబట్టి గట్క మంచిది, అన్నం చెడ్డది అన్న తీర్పు తొందరపాటు. శ్రమ తగ్గినప్పుడు కంచం మారకపోవడమే ఇక్కడి అసలు చిక్కు. నాటు, కోత ట్రాక్టరుకూ హార్వెస్టరుకూ పోయాయి; చేతులు చాట మీదకు వచ్చాయి; కంచంలో అన్నపు కుప్ప మాత్రం నాగలి పట్టిన తాత నాటిదే, పక్కన పలుచని పప్పు, ఇంత తొక్కు. 2025లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఇండియాబ్ విశ్లేషణ ప్రకారం భారతీయుల శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. అందులో చాలా భాగం పాలిష్ పట్టిన బియ్యం, మిల్లు గోధుమపిండి, చక్కెర. మాంసకృత్తులు చాలా తక్కువ. ఇక తొక్కుల, కారప్పొడుల ఉప్పు మీద ఎవరూ లెక్క వేయరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, మించవద్దంటుంది. బియ్యం రకం మారిస్తే సరిపోతుందని నమ్మేవారు రాజేంద్రనగర్‌లో పుట్టిన తెలంగాణ సోనా పేరు చెబుతారు. తిన్న ఆహారం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో తెలిపే గ్లైసీమిక్ సూచిక ఆ రకానికి 55 లోపు, అంటే తక్కువ తరగతిలోనే ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అయితే ఆ సూచికను కట్టేది 50 గ్రాముల పిండిపదార్థానికి. కంచం నిండా పెట్టుకున్న అన్నానికి అది పూచీ పడదు.

ఇదే అన్నం ఇక్కడివారికి ఎక్కువ ముప్పు తేవడానికి పుట్టుకతో వచ్చిన కారణం కూడా ఉంది. గర్భంలో ఆకలిని చూసిన శరీరం తక్కువ కండతో, కొవ్వును దాచుకునే స్వభావంతో పెరుగుతుందనీ, అదే శరీరానికి తర్వాత తిండి దండిగా దొరికితే షుగరు త్వరగా వస్తుందనీ పరిశోధకులు భావిస్తారు. దీన్ని తెలంగాణ పల్లెల్లోనే పరీక్షించారు. 1987-90 మధ్య హైదరాబాద్ పరిసరాల్లోని 29 గ్రామాల్లో, 15 చోట్ల గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ అంగన్‌వాడీల ద్వారా అదనపు ఆహారం అందింది, మిగిలిన 14 చోట్ల ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకు వచ్చాక పరీక్షించగా, అదనపు ఆహారం అందిన ఊళ్లవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. వారిలో ఇన్సులిన్ నిరోధకత దాదాపు అయిదో వంతు తక్కువగా ఉంది, ధమనుల బిరుసు కూడా కాస్త తక్కువే. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2008లో అచ్చయిన ఈ ఫలితాలను చీటీలు వేసి ఊళ్లను పంచిన ప్రయోగంగా తీసుకోరాదు, అయినా వాటి దిశ స్పష్టం. కరువు కాలంలో పుట్టి కాలువ కాలంలో పెరిగిన తరమే నేడు నలభై దాటి ఆశ కార్యకర్త ఫారంలోకి వస్తోంది.

ఆ గ్రామాల్లోనే తర్వాత గాలిని కూడా కొలిచారు. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కన్నా సన్నని ధూళికణాలు, పీఎం 2.5 అని పిలిచేవి, ఊపిరితిత్తులు దాటి రక్తంలో కలవగలవు. ఆ పల్లెల్లో వాటి సగటు ఘనపు మీటరుకు 32.8 మైక్రోగ్రాములుగా తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటి పరిమితి 5. ఆ ధూళి ఎక్కువ పీల్చినవారి ఎముకల సాంద్రత తక్కువగా ఉన్నట్టు 2020లో ప్రచురించారు. ఎముకల మాట ఎవరికీ తట్టని కోణం. కట్టెల పొయ్యి తగ్గుతున్నది నిజమే. హార్వెస్టరు వదిలిన కొయ్యకాళ్లకు పెట్టే మంట మాత్రం పెరుగుతున్నది.

దుబాయి వెళ్లివచ్చిన శరీరం

ఈ ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వలస 1970ల నుంచి సాగుతోంది. వెళ్లేటప్పుడు వీసా వైద్యపరీక్షలో నెగ్గిన ఆరోగ్యవంతులే వెళతారు గనుక, అక్కడ గుండె ఆగి చనిపోయిన ముప్పై ఏళ్లవాడి మరణాన్ని ‘సహజ కారణం’ అని రాసిన కాగితం వింతగా ఉంటుంది. ఖతార్‌లో 2009-17 మధ్య మరణించిన నేపాలీ కార్మికుల లెక్కలను ఉష్ణోగ్రతలతో సరిపోల్చిన పరిశోధన 2019లో ‘కార్డియాలజీ’ పత్రికలో వచ్చింది. ఎండ తీవ్రంగా ఉన్న నెలల్లో గుండె మరణాలు పెరిగాయని, సరైన రక్షణ ఉంటే వాటిలో చాలావాటిని ఆపగలిగేవారని అది తేల్చింది. ఎండలో చెమటతో నీరు, ఉప్పు పోయి రక్తం చిక్కబడుతుంది, గుండె వేగం పెంచవలసి వస్తుంది, మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గుతుంది. ఇదే రోజూ జరిగితే మూత్రపిండాలు నెమ్మదిగా పాడవుతాయి. నేపాలీ కార్మికుడికీ కోరుట్ల కార్మికుడికీ ఎండ ఒకటే. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట పని నిషేధం. ఖతార్ 2021లో దాన్ని జూన్ 1 నుంచి, ఉదయం 10 నుంచి 3.30 దాకా విస్తరించింది. క్యాంపు గదిలో పదిమంది కలిసి వండుకునే అన్నం, చల్లని తీపి సీసాలు, నెలల తరబడి ఇంటి బెంగ మాత్రం ఏ నిషేధంలోకీ రావు.

2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇవ్వాలని ఉత్తర్వు తెచ్చింది. బతికి తిరిగివచ్చినవారి బీపీనీ, క్రియాటినిన్‌నూ, అంటే మూత్రపిండాల పనితీరును తెలిపే రక్తపరీక్షనూ, ఊరు చేరిన వారంలోపు చూసే ఏర్పాటు అందులో భాగం కాదు. ఆ పరీక్ష ఖర్చు కొన్ని వందల రూపాయలకు మించదు.

రోగం బయటపడ్డాక మందుల సంగతిలో తెలంగాణ వెనకబడిలేదు. రక్తపోటు నియంత్రణకు 2017లో మొదలైన జాతీయ కార్యక్రమంలో చేరిన తొలి అయిదు రాష్ట్రాల్లో ఇది ఒకటి. సర్కారు దవాఖానల్లో బీపీ గోలీలు ఉచితం. లోటు అంతకు ముందు దశలో, ఎవరిని ముందుగా వెతకాలన్న దగ్గర ఉంది. చుట్టిన బీడీలు ఇవ్వడానికి ఆడవారు గుంపుగా వచ్చి టేకేదారు (గుత్తేదారు) కార్ఖానాలో వంతుకోసం కూర్చునే రోజులున్నాయి, సాంచెల షెడ్లలో షిఫ్టు మారే వేళలున్నాయి. బీపీ యంత్రంతో ఏఎన్‌ఎం నర్సు అక్కడికే వెళ్లి, తంబాకు దుమ్మును కూడా దుమ్ము ఉండే పనిగా లెక్కించి, ఫారంలో మార్కులు లేని ఆ టిక్కులకు కూడా ఒక్కో మార్కు కలిపితే, 4 దగ్గర ఆగిపోయిన ఆ 45 ఏళ్ల కార్మికురాలు 5కు చేరుతుంది. ఆ నెలలోనే ఆమెకు షుగరు పరీక్ష జరుగుతుంది.